శుక్రవారం కట్టని పైసలు

చక్రపాణి అనేటోడు ఆ ఒక్క రాత్రికి రెండున్నర వేలు తన జేబుల నుంచి పెట్టి ఉంటే కొండల్ బతుకు ఇట్ల ఉండకపోవు. ఈ మాట కొండల్ ఇంట్ల అంటడు, దుకాణంల అంటడు, చాయ్ బండి కాడ మొకం తెలవనోళ్ళకు సుత చెప్తడు. తొమ్మిదేండ్ల సంది చక్రపాణి ఇంట్ల మిక్సీ ఆగితే ఎవరు నడిపించిన్రు? జార్ కింద బుష్ పోతే పైస తీసుకోకుండ ఎవరు వేసిచ్చిన్రు? అసొంటి మనిషికి ఒక్క రాత్రి ఆసరా అయ్యేతందుకు చెయ్యి రాలేదు. పోనీ, రాలేదు. తెల్లారి దవాఖానల, పదిమంది ముంగట, ఫోన్ల గొంతు తగ్గించకుండ ఆ ముచ్చట బయట పెట్టుడెందుకు? కొండల్‌కు కడుపుల మండేది అక్కడ.

చక్రపాణిది గోదావరి దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఇన్సూరెన్సులు చేసే చిన్న ఆఫీసు పెట్టుకున్నడు. అదే సందుల, నాలుగు షట్టర్ల అవతల, కొండల్‌ది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే దుకాణం. కొండల్ ఏడో తరగతి కాడ బడి ఇడిచిపెట్టి స్క్రూడ్రైవర్ పట్టుకున్నడు, మళ్ళ దించలేదు. ఎల్.బి.నగర్ ఎనుక ఒక కాలనీల కిరాయి ఇల్లు. పెండ్లాం అండాలు పొద్దుగాల లేచి పూరీలు, చపాతీలు చేస్తే దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టళ్ళకు పోతయి. ఒక్కతే బిడ్డ సుజన, డిగ్రీ ఆఖరు సాలు, పొద్దుమీకి పిల్లలకు ట్యూషన్ చెప్తది.

ఇన్నేండ్లు రెక్కలు ముక్కలు చేసుకొని ఆ ఇంటి మనుషులు వెనకేసింది ఒక్కటే. బాటసింగారంల ఒక జాగ. కొండల్ వాయిదాలల్ల కట్టి కొన్నడు. ఐతారం ఐతారం బండి మీద పోయి హద్దురాళ్ళు ఉన్నయో లేవో చూసి వస్తడు. ఎవడన్న ఒక రాయి జరిపిండేమో అని రాత్రి నిద్రల ఉలిక్కిపడ్డ రోజులు ఉన్నయి. కొత్తపేట పండ్ల మార్కెట్ అటు పోయినంక రేటు పెరిగిందని తెలిసి సంబురం కంటే భయమే ఎక్కువైంది. రేటు పెరిగిన జాగ మీద అందరి కండ్లు పడ్తయి గదా.

కారు ముచ్చట సుజన తెచ్చింది. పూరీల డబ్బాలకు ఆటో కిరాయి నెలకు ఎంతైతున్నదో లెక్కచెప్పి, "డాడీ, నేను డ్రైవింగ్ నేర్చుకుంట, పాత కారొకటి తీస్కుందాం" అన్నది. నేర్చుకున్నది. మొదటిసారికే టెస్టు పాసయి లైసెన్సు తెచ్చుకున్నది. కొండల్‌కు కారు నడపరాదు, నేర్చుకునే ధైర్యం లేదు. రిటైర్డ్ సారొకాయన కాడ చిన్న తెల్ల కారు కొన్నరు. పేరు మార్పిచ్చిన్రు. కారుకున్న పాత ఇన్సూరెన్సు ఇంకొన్ని రోజులల్ల అయిపోతది, కొత్తది చేయించుకోవాలె. అక్కడ మొదలైంది.

"పిల్ల కొత్తగ నేర్చిందని ఎక్కువ చెప్తున్నవా సారూ?" అని కొండల్ చక్రపాణిని అడిగిండు.

"పిల్ల వయసుతో సంబంధం లేదండీ. ముందాయన ఏళ్ళ తరబడి ఒక్క క్లెయిమ్ లేకుండా నడిపాడు, ఆయనకి తగ్గింపు ఉండేది. అది ఆయనది. ఆయనతోనే పోద్ది. మీకు మొదటి నుంచి లెక్క."

"అంటే బండి నాకు అమ్మి మంచిపేరు ఆయన మూటగట్టుకపోయిండా?"

"అంతేననుకోండి" అని నవ్విండు చక్రపాణి. "మొత్తం బండికి చేయించలేకపోతే కనీసం థర్డ్ పార్టీ చేయించండి. థర్డ్ పార్టీ అంటే మన బండి తగిలే అవతలి మనిషి. ఆయనకి ఏమన్నా అయితే కంపెనీ ఇస్తుంది. రెండున్నర వేలకి అటూ ఇటూ. అది లేదనుకోండి, ఎవడికో కాలో చెయ్యో విరిగిందనుకోండి, కోర్టు మీ బాటసింగారం స్థలం దాకా వస్తుంది."

ఆ ఆఖరి మాట కొండల్ గుండెలకు పోయి కూసున్నది. కని పైకి మాత్రం "అమ్ముకునేటోడు భయపెట్టకుంట ఎట్లుంటడు" అనుకున్నడు. దిల్‌సుఖ్‌నగర్‌ల చెప్పులకు బేరం ఉన్నది, చీరెలకు ఉన్నది, కోచింగ్ ఫీజుకు సుత ఉన్నది. కాయితం ముక్కకు బేరం లేదంటే కొండల్ నమ్మలేదు. ఎల్.బి.నగర్ చౌరస్తా దిక్కు ఉన్న ఏజెంట్లందరి కాడికి తిరిగిండు. థర్డ్ పార్టీ రేటు సర్కారు పెట్టింది, ఏడికి పోయినా ఒక్కటే అని ఒక్కొక్కడు ఒక్కొక్క తీరుగ చెప్పిండు. ఒకడు మాత్రం "చూస్తలే అన్నా, రెండొందలు నా కమీషన్ల కెళ్ళి ఇడుస్త, శనివారం రా" అన్నడు. కొండల్ ఆ రెండొందలను పట్టుకొని వేలాడిండు.

పాతది శుక్రవారం రాత్రితో అయిపోతది. ఆ శుక్రవారం పొద్దుగాలనే చక్రపాణి ఫోను.

"కొండల్ గారూ, ఇవాళ కట్టేయండి. రాత్రి పన్నెండు దాటితే మీ బండికి ఏమీ ఉండదు."

అండాలు అప్పుడే గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి లేస్తున్నది. ఫోన్ల మాట ఆమె చెవుల పడ్డది.

"ఏమయ్యా, శుక్రవారం పూట పైసలు బయటికి పంపుతవా?" అన్నది.

"ఫోన్ల కెళ్ళి పోయే పైసలే గదమ్మా" అన్నది సుజన. "గవి మనింట్ల ఏడున్నయి? బ్యాంకుల ఉన్నయి."

"బ్యాంకుల ఉన్నా మన లక్ష్మే. నువ్వు జర నోరు మూస్కో. మొన్న శుక్రవారం పక్కింటోళ్ళకు చారెడు ఉప్పు సుత ఇయ్యలేదు నేను."

"ఉప్పు ఇయ్యకపోతె చప్పగ తిన్నరు. ఇది బండి అమ్మా."

కొండల్‌కు బిడ్డ మాట దిక్కు మనసు పోయింది. కని శుక్రవారం చేతుల నుంచి పైస జారితే వారమంతా జారుతనే ఉంటదని తల్లి చెప్పంగ విని పెరిగినోడు. మీదికెళ్ళి శనివారం ఆ రెండొందలు తగ్గించేటోడు ఉన్నడాయె. రెండు దిక్కుల కెళ్ళి ఒక్కటే మాట వచ్చినట్టు అనిపించింది.

"సారూ, ఇయ్యాల శుక్రవారం. మీరు కట్టున్రి, రేపు పొద్దుగాల పదింటికి తెచ్చి చేతుల పెడ్త" అన్నడు.

చక్రపాణి అవతల నవ్విండు. "మాకూ శుక్రవారమేనండీ. నేను జేబులోంచి తీశానని మా ఆవిడ కుసుమకి తెలిస్తే రెండు రోజులు అన్నం పెట్టదు. సరే, రేపు పదింటికి. నేను అయిందని చెప్పేదాకా బండి మాత్రం తీయకండి."

"ఎందుకు తీస్త సారూ" అన్నడు కొండల్.

శనివారం తెల్లారంగనే హాస్టల్ మేడం విజయదుర్గ ఫోన్ చేసింది. బెజవాడ దిక్కు ఆమె. మాట మెత్తగనే ఉంటది, కోత మాత్రం గట్టిగుంటది. "అండాలు గారూ, ఇవాళ పిల్లలకి పరీక్ష ఉంది. పూరీలు ఏడున్నరకల్లా రాకపోతే నేను బయట తెప్పించుకుంటా. బయట తెప్పించుకుంటే ఇంక బయటే."

ఆటో అతనికి ఫోన్ చేస్తే ఆయన నారాజ్‌గ ఉన్నడు. "కారు కొన్నరు గదా వదినా. నేను వేరే కిరాయి ఒప్పుకున్న" అని పెట్టేసిండు. పూరీల డబ్బాలు మూడు, కూర గిన్నె ఒకటి, గడప కాడ పొగలు కక్కుతున్నయి.

సుజన కారు తాళంచెవి పట్టుకొని వచ్చింది. "డాడీ, ఇన్సూరెన్స్ కట్టినవా మరి?"

కొండల్ వంగి చెప్పు పట్టీ సర్దుకున్నడు. పట్టీ బాగనే ఉన్నది.

"ఆ, కట్టిన. రాత్రి కట్టిన. ఎక్కు."

అండాలు ఒక్కసారి మొగని దిక్కు చూసింది. రాత్రి అంటే శుక్రవారమే గదా అని కండ్లతోనే అడిగింది. కొండల్ కూర గిన్నె ఎత్తి కార్ల పెట్టిండు.

*

కారు కాలనీ దాటి పెద్ద రోడ్డు ఎక్కేసరికి ముంగటి సీట్ల కూసున్న కొండల్ తలుపు పిడి గట్టిగ పట్టుకున్నడు. ఎన్నడు చూడని రోడ్డు లెక్క అనిపించింది. మెట్రో పిల్లర్ పిల్లర్‌కు ఒక కెమెరా ఉన్నట్టు, ప్రతి కెమెరా మెడ తిప్పి ఈ తెల్ల కారునే చూస్తున్నట్టు. పన్నెండు దాటిన ముచ్చట ఆ కెమెరాలకు తెలిసిందేమో. ఏడనో కూసున్న పోలీసాయన తెర మీద ఈ బండి నంబర్ ఎర్రగ వెలుగుతున్నదేమో. పక్కన స్కూటర్ మీద పోయేటోడు చూస్తే వీనికి సుత తెలిసినట్టున్నదే అనుకున్నడు. ఖాకీ రంగు ఏడ కనవడ్డా సీట్ల కిందికి జారుతున్నడు. ఆర్టీసీ కండక్టర్ ఖాకీ. ఆటోడ్రైవర్ ఖాకీ. ఇంతమంది ఖాకీ తొడుగుతరని ఇన్నేండ్లల్ల ఎన్నడు చూడలేదు.

సుజన మంచిగ నడుపుతున్నది. మలుపు కాడ అద్దం చూస్తది, ఇండికేటర్ వేస్తది, బస్సుకు దారి ఇస్తది.

"డాడీ, ఊపిరి తీస్కో" అన్నది నవ్వుకుంట. "నడిపేది నేను, బ్రేకు తొక్కేది నువ్వు. ఆడ కింద చాప చినుగుతది."

కొండల్ తన కాళ్ళ దిక్కు చూసుకున్నడు. నిజంగనే రెండు కాళ్ళు నేలకు అదుముకొని ఉన్నయి.

"నిమ్మళంగ పో బిడ్డా."

"ఇంక నిమ్మళంగ పోతే ఎన్కకు పోతం. విజయదుర్గ మేడం కర్ర పట్టుకొని ఉంటది."

కొత్తపేట కాడికి వచ్చేసరికి దూరంగ పిల్లర్ కింద ఇద్దరు ముగ్గురు పోలీసులు కనవడ్డరు. ఒక బండిని పక్కకు ఆపిన్రు. కొండల్ గల్లీ దిక్కు వేలు చూపెట్టిండు.

"ఎడమకు తిప్పు. గల్లీల కెళ్ళి పోదాం."

"ఎందుకు డాడీ? సీదా రోడ్డు ఉన్నది గదా. లైసెన్స్ ఉన్నది, ఆర్సీ ఉన్నది, ఇన్సూరెన్స్ ఉన్నది. ఆపితే చూపిస్త. నాకు చూపియ్యాలనే ఉన్నది ఒకసారి."

"చెప్పినట్టు ఇను. తిప్పు."

ఆమె తిప్పింది. గల్లీ ఇరుకు. ఒక దిక్కు అపార్ట్‌మెంట్ల గోడ, ఒక దిక్కు నిలిపిన బండ్లు. ముంగట గోడ పక్కకు ఒక ముసలాయన తోపుడు బండి నిలుపుకొని బత్తాయిలు తుడిచి పేర్చుతున్నడు. సుజన ఆయనను ఎప్పుడో చూసింది, స్పీడు తగ్గించింది, మధ్యలకెళ్ళి పోనీకి సందు చూసుకున్నది. ఆమె లెక్క ఆమెకు ఉన్నది.

అప్పుడే ఒక గేటు కాడికెళ్ళి ఖాకీ అంగీ ఒకటి రోడ్డు మీదికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

కొండల్‌కు కండ్లు మసకలైనయి. కెమెరా చెప్పింది, మనకోసమే వచ్చిండు, ఇగ అయిపోయింది అనుకున్నడు. "పోలీసు, పోలీసు, తిప్పు" అన్నడు. అననీకి పట్టినంత సేపు సుత ఆగలేదు. కుడిచెయ్యి దానంతట అదే పోయి స్టీరింగ్ పట్టి ఎడమకు గుంజింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. కర్ర విరిగిన చప్పుడు, ఇనుము గోడకు రాసుకున్న చప్పుడు. తర్వాత బత్తాయిలు కారు టాపు మీద, అద్దం మీద, రోడ్డు మీద దబదబ పడ్డయి. అన్ని ఆగినంక ముసలాయన మూలుగు వినవడ్డది. తోపుడు బండికి గోడకు నడుమ ఆయన కాలు ఇరుక్కున్నది.

ఖాకీ అంగీ మనిషి అందరికంటే ముంగట ఉరికొచ్చిండు. ఆయన పోలీసు కాదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. స్కూలు బస్సు బయటికి రానీకి చెయ్యి పెట్టిండు, అంతే.

*

ముసలాయన పేరు బక్కయ్య. మార్కెట్ కొత్తపేటల ఉన్నన్ని రోజులు ఆడ బస్తాలు మోసిండు. మార్కెట్ పోయినంక ఆయన పోలేదు, తోపుడు బండి పెట్టుకున్నడు. ఈ ముచ్చట్లన్ని ఆయన్ను వెనక సీట్ల పండబెట్టి దవాఖానకు తీసుకపోతుంటే వాచ్‌మన్ చెప్పిండు. సుజన ఒక్క కుదుపు లేకుండ నడిపింది. కారంత బత్తాయి వాసన, పూరీల నూనె వాసన. కొండల్ జేబుల ఫోను మోగుతనే ఉన్నది. విజయదుర్గ. మోగి మోగి ఆగింది. ఆ హాస్టల్ ఆరోజుతో పోయింది.

మోకాలి కింద బొక్క రెండు కాడ విరిగింది, లోపల రాడ్ వెయ్యాలె అన్నడు డాక్టరు. పోలీసులకు చెప్పుడు తమ పద్ధతి అని, చెప్తమని సుత అన్నడు. పోలీసు అన్న మాటకు కొండల్ గోడకు ఆనుకున్నడు. గోడ సల్లగ ఉన్నది, అంగీ వెనక చెమటతోని అతుక్కుపోయింది.

బక్కయ్య అల్లుడు దశరథ బాటసింగారం మార్కెట్ల హమాలీ. లుంగీ మీదనే ఉరికొచ్చిండు. కొట్టేతందుకు వస్తున్నడని కొండల్ రెండు చేతులు ముంగటికి తెచ్చుకున్నడు. దశరథ కొట్టలేదు. లోపలికి పోయి మామను చూసొచ్చి, బెంచీ మీద కూసొని మొకం తుడుచుకున్నడు.

"పానానికి ఏం లేదన్నరు" అన్నడు. "ఎవలు నడిపిన్రు?"

"నేనే అన్నా" అన్నది సుజన. "నాకు లైసెన్స్ ఉంది. ఇన్సూరెన్స్ ఉంది. తాతకు అయ్యే ఖర్చంత వస్తది. నువ్వు పరేషాన్ కాకు. మా డాడీ రాత్రే కట్టిండు."

దశరథ మొకం తేలికైంది. "అట్లైతే ఏం లేదు చెల్లే. మా అడ్డా మీద ఒకనికి గిట్లనే అయితే కేసు పెట్టినంక ఇన్సూరెన్సోళ్ళే ఇచ్చిన్రు. కేసు అంటే భయపడకున్రి. కేసు పెడితేనే వస్తయి. అన్నా, నీ జేబుల కెళ్ళి పైస పోదు. గట్ల నిలవడ్డవేంది? కూసో. చాయ్ తాగుతవా?"

తిట్టి ఉంటే కొండల్ తట్టుకుంటుండె. గల్ల పట్టి గుంజినా తట్టుకుంటుండె. ఈ మనిషి చాయ్ తాగుతవా అంటున్నడు. ఇప్పుడే ఉరికిపోయి చక్రపాణి చేతుల పైసలు పెడితే ఏమన్న అయితదా? దవాఖానోళ్ళు పోలీసులకు రేపు చెప్తే? గుద్దింది రేపు అని రాయిస్తే? మనిషి లోపల మూలుగుతున్నడు, గుద్దింది రేపు అని ఎట్ల రాస్తరు? తలల అన్ని మాటలు ఒక్కసారే తిరుగుతున్నయి, ఒక్కటి చేతికి దొరుకుతలేదు.

"నేను జర బయటికి పోయొస్త" అన్నడు.

"ఆగు డాడీ. ఏం చెయ్యాలెనో అంకుల్‌ని అడుగుదాం" అన్నది సుజన. అప్పటికే ఫోన్ కలిపింది. దశరథకు వినవడాలెనని స్పీకర్ పెట్టింది.

"చెప్పమ్మా సుజనా" అన్నది చక్రపాణి గొంతు, వరండా అంత నిండుకొని. "నాన్నగారు బయల్దేరారా? డబ్బులు తెస్తానన్నారని ఆఫీసు తెరిచి కూర్చున్నా."

"ఏం పైసలంకుల్?"

"అదేనమ్మా, ఇన్సూరెన్సువి. శుక్రవారం కట్టకూడదని ఇవాళ్టికి పెట్టుకున్నాం కదా. పాతది రాత్రితో అయిపోయింది. బండి తీయలేదు కదా మీరు?"

సుజన తండ్రి దిక్కు తిరిగింది. కొండల్ ఫోన్ గుంజుకున్నడు.

"సారూ, ఇప్పుడే కడ్త. ఎంతన్న కడ్త. నిన్నటి తారీఖు ఎయ్యరాదు?"

"అది నా చేతిలో ఉండదండీ. కట్టిన నిమిషం కూడా పడుద్ది అందులో. ఏమైందండీ? కొండల్ గారూ, ఏమైంది?"

స్పీకర్ బంద్ చేసుడు కొండల్‌కు రాలేదు. ఫోన్ అడుగుతనే ఉన్నది. బెంచీ మీద ఉన్నోళ్ళు, చక్రాల మంచం తోసేటామె, గ్లూకోజ్ సీసా పట్టుకున్న ముసలామె, అందరు ఇటే చూస్తున్నరు. సుజన మెల్లగ ఆయన చేతుల కెళ్ళి ఫోన్ తీసుకొని కట్ చేసింది.

దశరథ బెంచీ మీది కెళ్ళి లేచిండు.

"మరి మా మామ కాలో?" అన్నడు. గొంతు పెంచలేదు.

కొండల్ బిడ్డ దిక్కు చూసిండు.

"అసలు ఎట్లయింది చెల్లే? మామ గోడ పక్కకే ఉన్నడంటున్నడు వాచ్‌మన్. రోడ్డు మీదికి రాలేదట. కారే గోడ మీదికి పోయిందట."

సుజన తండ్రి కుడిచెయ్యి దిక్కు చూసింది. కొండల్ ఆ చెయ్యిని ఎనుకకు పెట్టుకున్నడు. పోలీసు, కోర్టు, జడ్జి, అన్నీ ఒక దిక్కు. బిడ్డ ఇప్పుడు నోరు తెరుస్తదన్న భయం ఒక దిక్కు. ఆమె పెదవులు కదిలినయి.

"స్టీరింగ్ నా చేతులనే ఉండెనన్నా" అన్నది సుజన. "నేనే తిప్పిన."

దశరథ తల ఊపిండు. "కొత్త గదా" అన్నడు. "కేసు నీ మీదనే అయితది మరి. ఇన్సూరెన్స్ లేదంటే ఇంక గట్టిగ అయితదేమో. నాకు తెల్వదు. పెద్దోళ్ళను అడగాలె. అసలు కారు ఎట్ల తిరిగిందో ఇంకోసారి ఆ వాచ్‌మన్‌ను అడిగి..."

"తమ్మీ" అన్నడు కొండల్. తన గొంతు తనకే కొత్తగ వినవడ్డది. "బాటసింగారంల నాకు జాగ ఉన్నది."

దశరథ ఆగిండు.

"ఏడ?"

"మార్కెట్ ఎనుక. లారీలు నిలుపుతరు చూడు, దాని అవతల వెంచర్‌ల."

"ఎరికే. ఆ రాళ్ళ మీద కూసొనే మేం సద్ది తింటం" అన్నడు దశరథ. జర ఆగి, "నేను జాగ అడగలేదన్నా" అన్నడు.

"నువ్వు అడగలేదు. నేనే చెప్తున్న."

*

కేసు ఆగలేదు. పోలీసులు వచ్చి రాసుకున్నరు, సుజన పేరు ఎక్కింది, కారు కొన్ని రోజులు ఠాణా ముంగట ఎండకు ఎండింది. దశరథ తరఫు పెద్దమనిషి ఒకాయన, కొండల్ తరఫు ఆయన బామ్మర్ది కూసొని మాట్లాడిన్రు. ఆపరేషన్ ఖర్చు, బక్కయ్య ఇంట్ల కూసున్నన్ని రోజులు కూలి, తోపుడు బండి, పైన ఆయన కాలు కోసం ఒక మొత్తం. కోర్టుల రాజీ కాయితం పెడ్తమన్నరు. దవాఖానకు ముందుగాల అండాలు పుస్తెల తాడు పోయి తాకట్టుల కూసున్నది. జాగకు ఆపతిల అమ్మేటోని రేటు వచ్చింది. కొనేటోడు హద్దురాళ్ళను కాలుతోని తట్టి చూసిండు. కొండల్ వాటి దిక్కు చూడలేదు.

ఒప్పుకున్న పైసలు ఇచ్చే రోజు అండాలు పొద్దుగాల గడపకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది. చెయ్యి కడుక్కొని బీరువా తీసి నోట్ల కట్టలు సంచిల పెట్టి మొగని చేతికిచ్చింది. అది శుక్రవారం. ఆమె అనలేదు, కొండల్ అనలేదు. సుజన తాళంచెవి పట్టుకొని గుమ్మంల నిలవడి ఇద్దరి మొకాలు చూసింది, ఆమె సుత అనలేదు.

బక్కయ్య తన ఇంట్ల మంచం మీద కూసొని ఉన్నడు. కాలుకు పట్టీలు, మెత్త మీద పెట్టుకున్నడు. దశరథ సంచి లోపలికి తీసుకపోయిండు. గదిల ఇద్దరే మిగిలిన్రు. బక్కయ్య ఒక బత్తాయి తీసి చేతులతోనే ఒలిచి సగం కొండల్‌కు ఇచ్చిండు.

"నీ బిడ్డ మంచిగ నడుపుతది సారూ" అన్నడు.

కొండల్ బత్తాయి తొన పట్టుకొని అట్లనే ఉన్నడు.

"నేను కారుకు ఎదురుంగనే ఉంటి గదా. ముంగటి అద్దంల కెళ్ళి సాఫ్ కనవడ్డది. ఆ పిల్ల నన్ను చూసి స్పీడు తగ్గించింది. స్టీరింగ్ గుంజిన చెయ్యి పక్క సీటు దిక్కుకెళ్ళి వచ్చింది." బక్కయ్య ఒక తొన నోట్ల వేసుకున్నడు. "నేను ఎవలికి చెప్పలేదు తియ్. ఆ పిల్ల చెప్పలేదంటే నేనెందుకు చెప్త? తిను, తియ్యగుంటయి."

కొండల్ ఆ తొనలు జేబుల వేసుకున్నడు. లేచి చెప్పులు తొడుక్కున్నడు.

బయట కారు కాడ సుజన స్టీరింగ్ ముంగట కూసొని ఉన్నది. ఠాణా నుంచి కారు వచ్చిన రోజే ఆమె చక్రపాణి కాడికి తనే పోయి, ట్యూషన్ చెప్పిన పైసలతోని ఇన్సూరెన్స్ కట్టింది. మొదలయ్యే తారీఖు తన కండ్లతోని రెండుసార్లు చూసుకున్నది. ఇప్పుడు తండ్రి ఏది కట్టిన అన్నా ఆమె చూపియ్యి అంటది.

కొండల్ ముంగటి తలుపు మీద చెయ్యి వేసిండు. తలుపు రాలేదు. లోపలికెళ్ళి గడియ పడి ఉన్నది.

"వెనక కూసో డాడీ" అన్నది సుజన, అద్దం దిక్కు చూసుకుంట.

కొండల్ వెనక కూసున్నడు. సీట్ల ఇంకా బత్తాయి వాసన పోలేదు. కారు దిల్‌సుఖ్‌నగర్ దిక్కు మళ్ళింది. దుకాణం ఉన్న సందుల చక్రపాణి బోర్డు కనవడ్డది. లోపల చక్రపాణి ఎవరికో నవ్వుకుంట ఏదో చెప్తున్నడు.

"చూడు, ఎట్ల నవ్వుతున్నడో. ఆ ఒక్క రాత్రికి ఆయన జేబుల కెళ్ళి పెట్టి ఉంటే..." అన్నడు కొండల్.

సుజన అద్దంల కెళ్ళి ఒక్కసారి చూసింది. ఆ చూపుకు కొండల్ మిగతా మాట నోట్లనే ఆపుకున్నడు. కని ఆ మాట ఆగదు. దుకాణంల కూసుంటే వస్తది, మిక్సీ ఇప్పుతుంటే వస్తది, చాయ్ బండి కాడ ఎవడన్న కొత్తోడు దొరికితే అడగకముందే వస్తది. ఆ దిక్కుమాలిన ఒక్క శుక్రవారానికి ఏం పోయిందని ఆ కొత్తోడు అడిగితే కొండల్ ఒక్క అక్షరం తప్పకుండ చెప్తడు. బాటసింగారంల, మార్కెట్ ఎనుక, రోడ్డుకు రెండో వరుస, తూర్పు మొకం, నూట ముప్పై మూడు గజాలు.